టిక్కీ వచ్చిన రోజు నుంచి నాన్న బయటికి రానంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటున్నాను. మావారు డచ్ అతను. మా అమ్మానాన్నలు మొదటిసారి మూడు నెలలు ఉండేలా వచ్చారు. మొన్న మా అత్తగారు "అందరం కలిసి పాన్‌కేక్ రెస్టారెంట్‌కి వెళ్దాం" అన్నారు. అమ్మ గుడ్డు తినదని తెలిసి, ముందే ఫోన్ చేసి తన వరకు గుడ్డు లేకుండా చేయించారు కూడా. హాయిగా తిన్నాం, బాగా నవ్వుకున్నాం. బిల్లు అత్తగారే కట్టారు. ఇంటికి రాగానే నా ఫోన్‌కి టిక్కీ, అంటే ఖర్చులో మన వాటా పంపమని యాప్‌లో వచ్చే మెసేజ్, వచ్చింది. మా నలుగురి వాటా 71 యూరోల 38 సెంట్లు. పక్కనే కూర్చున్న నాన్న చూసేశారు. "పొరపాటున వచ్చినట్టుంది నాన్నా" అని సర్దిచెప్పి, తర్వాత డబ్బు పంపేశాను. ఆయన నమ్మలేదు. "వియ్యంకులతో తిన్న తిండికి లెక్కలా?" అని అమ్మతో అన్నారట. వచ్చే వారం క్యూకెన్‌హాఫ్ పూలతోటకి వెళ్దామని వాళ్లు పిలుస్తుంటే మోకాళ్ల నొప్పులంటున్నారు. మావారికేమో ఇందులో తప్పేముందో అర్థం కావడం లేదు. సినిమా టికెట్‌కి కూడా ఆయన చెల్లెలు ఆయనకి టిక్కీ పంపుతుంది. మా వాళ్లు ఉన్నన్నాళ్లూ డబ్బులు అడగొద్దని అత్తగారికి చెప్పమని మావారిని అడగనా?

జవాబు: అలా అడగకండి. మీరు అడిగితే మీవారు చెబుతారు, ఆవిడ మానేస్తారు కూడా. కానీ ఆ రోజు నుంచి ఆవిడకి మీ అమ్మానాన్నలతో ఎలా ఉంటే తప్పో, ఎలా ఉంటే ఒప్పో తెలియని టెన్షన్ మొదలవుతుంది. మళ్లీ ఎక్కడికైనా పిలవాలంటే వెనకాడతారు. మీ నాన్నగారి మనసులో ఉన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది.

మీ ఉత్తరంలో గుడ్డు సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగాను. పాన్‌కేక్ అంటేనే పిండి, పాలు, గుడ్డు. అలాంటి చోట గుడ్డు లేకుండా వియ్యపురాలికి ఏం పెడతారో ముందే ఫోన్ చేసి కనుక్కుని, చేయించి పెట్టారంటే ఆవిడ మీ అమ్మగారి గురించి ఎంత ఆలోచించి ఉంటారు! మన దగ్గర వియ్యాలవారి మర్యాద వడ్డనలో, కొసరులో, బిల్లు లాక్కోవడంలో కనిపిస్తుంది. ఆవిడ మర్యాద ఆ ఫోన్ కాల్‌లో ఉంది. మీ నాన్నగారికి ఈ విషయం తెలుసా? తెలియకపోతే ముందు అది చెప్పండి.

ఇక టిక్కీ. ఏబీఎన్ ఆమ్రో బ్యాంకు 2016లో తెచ్చిన ఈ యాప్ అక్కడ ఎంత మామూలైపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయనకి అది ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. ఏ 70 యూరోలో అని ఉంటే సరిపెట్టుకునేవారేమో. ఆ 38 సెంట్లే గుచ్చుకుని ఉంటాయి. పైసలతో సహా లెక్క కట్టారంటే ఆయన దృష్టిలో అది పిసినారితనం. ఆవిడ దృష్టిలో అది నిజాయితీ. 72 అని రౌండ్ చేస్తే మీ దగ్గర ఎక్కువ తీసుకున్నట్టు అవుతుందని ఆవిడ అనుకుంటారు. మన "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే" అన్న మాటని వాళ్లు రోజూ, నొచ్చుకోకుండా, నొప్పించకుండా పాటిస్తారు. ఆడపడుచు అన్నకి సినిమా టికెట్ డబ్బులు అడిగిందని అన్నాచెల్లెళ్ల మధ్య ప్రేమ లేదనలేం కదా. మీవారిని తన ఫోన్ తీసి తల్లి నుంచి, చెల్లెలి నుంచి వచ్చిన పాత టిక్కీలు మీ నాన్నగారికి చూపించమనండి. సొంత కొడుక్కే పంపుతారని కళ్లతో చూస్తే, తనని పరాయిగా చూశారన్న బాధ సగం తగ్గుతుంది.

మిగతా సగం టిక్కీతో పోయేది కాదు. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

మన ఊళ్లో హోటల్లో భోజనం అయ్యాక ఏం జరుగుతుందో మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. చేయి కడుక్కుని వస్తానని లేచిన మనిషి అటునుంచి అటే కౌంటర్ దగ్గరికి వెళ్లి డబ్బు కట్టేస్తాడు. ఇంకొకరు పరుగున వచ్చి, ఇచ్చిన నోటు వెనక్కి తీయించి తన నోటు పెడతారు. "నా మీద ఒట్టే" అని చేయి పట్టుకుని ఆపేస్తారు. మీ నాన్నగారు అందరికంటే ముందు లేచే మనిషి అయివుంటారని నా ఊహ. ఆ మనిషి ఇప్పుడు చదవడం రాని మెనూ ముందు కూర్చున్నారు. ఏది ఎంతో తెలియదు, కార్డు తీయాలో వద్దో తెలియదు. చివరికి తన తిండి ఖర్చు కూతురి ఫోన్‌కి వచ్చింది. కూతురి ఇంట్లో ఊరికే తినకూడదనే పట్టింపు ఆ తరంలో చాలామందికి ఇంకా ఉంది. ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది వియ్యపురాలి లెక్క కాదు, తను కట్టలేకపోవడం అని నాకు అనిపిస్తోంది. మీరు "పొరపాటున వచ్చింది" అనడంతో ఆ మాట బయటికి రాకుండా పోయింది. తన దగ్గర దాచాల్సిన విషయం ఏదో జరిగిందని ఆయనకి అర్థమైంది.

కాబట్టి ఈ రాత్రే నిజం చెప్పండి. అమ్మ ద్వారా వద్దు, మీరే చెప్పండి. "నాన్నా, అది పొరపాటున రాలేదు. ఇక్కడ అందరూ అలాగే పంచుకుంటారు. మీరు నొచ్చుకుంటారని అలా అన్నాను" అంటే చాలు. వెంటనే ఆయన ఒప్పుకోవాలని చూడకండి. ఒకటి రెండు మాటలు అంటారు, అననివ్వండి.

మీవారికి కూడా చెప్పండి. అయితే వాళ్ల అమ్మానాన్నల పద్ధతి మార్చమని కాదు, మీ నాన్నగారికి ఏం అనిపించిందో తెలియాలని. "కలిసి తిందాం" అంటే అక్కడ కలిసి తినడమే. మన చెవికి అది "మేం పెడతాం" అని వినిపిస్తుంది. ఈ తేడా ఆయనకి తెలిస్తే, ఇకపై ఎక్కడికైనా అనుకున్నప్పుడే "ఎవరిది వాళ్లం కడుతున్నామా?" అని ముందే ఆయనే అడిగేస్తారు. డచ్ వాళ్లతో అలా అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది అక్కడ సాధారణమైన ప్రశ్నే.

ఇక క్యూకెన్‌హాఫ్. తప్పకుండా వెళ్లండి. ఏటా మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా ఓ ఎనిమిది వారాలే తెరిచి ఉండే తోట అది. మీ వాళ్లు మళ్లీ ఆ రోజుల్లోనే వస్తారన్న నమ్మకం లేదు. మీ నలుగురి టికెట్లు మీరే ఆన్‌లైన్‌లో కొనేయండి. అప్పుడు తర్వాత లెక్క చూసుకునే పనే ఉండదు. 32 హెక్టార్లు, అంటే దాదాపు 80 ఎకరాలు. నాన్నగారి మోకాళ్ల నొప్పుల్లో కొంత నిజం కూడా ఉండొచ్చు, తోట మొత్తం తిప్పాలని పట్టుబట్టకండి.

మధ్యాహ్నం తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. డచ్ కుటుంబాలు అలా బయటికి వెళ్లినప్పుడు రొట్టె ముక్కల మధ్య చీజ్ పెట్టి డబ్బాల్లో సర్దుకుని వెళ్లడం మీరు చూసే ఉంటారు. ఈ విషయంలో వాళ్లూ మనమూ ఒకటే. అమ్మగారిని పులిహోర కలపమనండి, కారం కాస్త తగ్గించి. నలుగురికి కాదు, ఆరుగురికి. దానికి ఎవరూ టిక్కీ పంపరు.

తర్వాత కాఫీ, ఆపిల్ కేకు మాత్రం మీ నాన్నగారివి. అత్తగారికి, మామగారికి ముందు రోజే చెప్పి ఉంచండి, "రేపు కాఫీ నాన్న ఇప్పిస్తారట" అని. మీ నాన్నగారికి ఒక్క డచ్ వాక్యం నేర్పండి, "ఇక్ ట్రాక్టేర్", అంటే "ఇది నేను ఇప్పిస్తున్నాను" అని. పుట్టినరోజు నాడు ఆఫీసుకి కేకు తెచ్చినవాళ్లూ అనే మాటే కాబట్టి అత్తగారు వెంటనే అర్థం చేసుకుంటారు, సంతోషంగా ఒప్పుకుంటారు. ఆర్డర్ ఆయనే చెప్పాలి, డబ్బు ఆయన జేబులోంచే రావాలి. మీరు వెనకనుంచి మీ కార్డు అందివ్వొద్దు. కొన్ని చోట్ల నోట్లు తీసుకోరు, కార్డు మాత్రమే అంటారు. అందుకని ఆయన ఇండియా నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు పనిచేస్తుందో లేదో ఇంటి దగ్గరి దుకాణంలో ఒకసారి చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఆ ఉత్సాహంలో ఆయన ప్రతిసారీ అందరికీ నేనే కడతానని మొదలుపెట్టవచ్చు. అలాగైతే ఈసారి ఇబ్బంది పడేది మీ అత్తగారు. తిరిగి ఎలా తీర్చాలో తెలియని మర్యాద అక్కడివాళ్లకి బరువుగా ఉంటుంది. ఒకసారి ఆయన, ఇంకోసారి వాళ్లు, మిగతావన్నీ ఎవరివి వాళ్లు అనుకుంటే సరిపోతుంది.

టికెట్లు మాత్రం ఇవాళే చూడండి. లోపలికి వెళ్లే సమయం ఎంచుకుని కొనాలి, శని, ఆదివారాల్లో మంచి వేళలు ముందే అయిపోతాయి.