యూనివర్సిటీ లైబ్రరీ పెట్టే వర్క్‌షాపులు నిజంగా పనికొస్తాయా, సర్టిఫికెట్ కోసమేనా?

మీరు పీహెచ్‌డీలో కొత్తగా చేరారు. లైబ్రరీ నుంచి ఓరియెంటేషన్ అని, ఈ-రిసోర్సెస్ శిక్షణ అని, పుస్తక ప్రదర్శన అని సర్క్యులర్లు వస్తున్నాయి. సీనియర్లేమో "సంతకం పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకో, చాలు" అంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేనేత సహకార సంఘాల మీద పరిశోధన చేశాను. నన్నడిగితే మీ సీనియర్లు చెప్పింది సగం నిజం. వర్క్‌షాపులు చాలావరకు మానేసినా నష్టం లేదు. లైబ్రరీ సిబ్బందితో పరిచయం లేకుండా మాత్రం పరిశోధన నెట్టుకురావడం కష్టం. ఆ పరిచయం పెంచే కార్యక్రమానికి వెళ్లండి, మిగతావి మీ ఓపిక.

సర్క్యులర్ చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది. సెమినార్ హాల్లో పెట్టి, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని పేర్లు వరసగా ఉంటే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు అయ్యేసరికి పన్నెండవుతుంది. ఆ తర్వాత వక్త గారు స్లయిడ్లు చదివి వినిపిస్తారు. భోజనం బాగుంటుంది, అది నిజం. అలా కాకుండా "డిజిటల్ సెక్షన్‌లో, పరిమిత సీట్లు, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి" అని ఉంటే వెంటనే పేరిచ్చేయండి. ప్రచురణ సంస్థల నుంచి ట్రైనర్ వచ్చి వాళ్ల డేటాబేస్ చూపించే సెషన్లు కూడా ఉంటాయి. వాటికి వెళ్తే ఊరికే కూర్చోకండి. "నా టాపిక్ ఇది, ఇప్పుడే వెతికి చూపించండి" అని అడగండి. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నంత మిగతా సెషన్ మొత్తంలో నేర్చుకోలేం.

ఈ-రిసోర్సెస్ శిక్షణ ఇప్పుడు మునుపటి కంటే ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలుపెట్టింది, అంటే విద్యాసంస్థలన్నిటి తరఫున పరిశోధన జర్నళ్లకు ప్రభుత్వమే చందా కట్టే పథకం. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని ఉన్నత విద్యాసంస్థలన్నీ ఇందులోకి వస్తాయి. ఒకప్పుడు రాష్ట్ర యూనివర్సిటీ స్కాలర్లం ఒక్క వ్యాసం పీడీఎఫ్ కోసం సెంట్రల్ యూనివర్సిటీలో చదివే స్నేహితుల్ని బతిమాలుకునేవాళ్లం. ఇప్పుడు అదే వ్యాసం మీ లాగిన్‌లో ఉండే అవకాశం చాలా ఎక్కువ. క్యాంపస్‌లో ఉన్నప్పుడు ఎలా తెరవాలి, హాస్టల్ నుంచో ఊరి నుంచో ఎలా తెరవాలి అన్న రెండు సంగతులూ మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. బయటి నుంచి తెరవడానికి మీ వివరాలు లైబ్రరీ వాళ్లు నమోదు చేయాల్సి రావచ్చు, అది అడిగినవాళ్లకే ముందు జరుగుతుంది.

సిమిలారిటీ రిపోర్టు, అంటే మీ థీసిస్‌లో ఎంత శాతం ఇతరుల రాతలతో కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూసి ఇచ్చే నివేదిక, దాని మీద శిక్షణ పెడితే తప్పకుండా వెళ్లండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 లోపు ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల గడువులో సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు సమర్పించే వీలే ఉండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ అంకెలు అందరికీ నోటికొచ్చు. దేన్ని లెక్కలోంచి తీసేయాలో మాత్రం తక్కువమందికి తెలుసు. ఆధారం చూపించి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాల పాఠం లాంటివి లెక్కలోకి రావు. నా సిద్ధాంత గ్రంథంలో 1964 నాటి సహకార సంఘాల చట్టం, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం నుంచి సెక్షన్లకు సెక్షన్లే ఉన్నాయి. మొదటి రిపోర్టులో ఒక అధ్యాయం ఎర్రగా, పచ్చగా మెరిసిపోయింది. లైబ్రరీలో ఆ పని చూసే మేడమ్ పక్కన కూర్చోబెట్టుకుని ఏ భాగం ఎందుకు లెక్కలోకి వచ్చిందో ఒక్కొక్కటీ చూపించారు. చట్టం ముక్కలు తీసేయించాక మిగిలింది మామూలు పోలికే.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో మాట. డీటీపీ సెంటర్లలో వాడే, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో థీసిస్ టైపు చేయించకండి. ఆ ఫైలు సాఫ్ట్‌వేర్‌కు తెలుగులా కనబడదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులుగా కనబడుతుంది. డీటీపీ వాళ్లు ఎంత చెప్పినా యూనికోడ్‌లోనే కావాలని పట్టుబట్టండి.

రిఫరెన్సులను దాచి, గ్రంథసూచి తయారుచేసి పెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ నేర్పే వర్క్‌షాపు ఉంటే ఒక పూట వెచ్చించండి. ఉచితం, 2006 నుంచి ఉంది. మొదటి ఏడాదే మొదలుపెడితే చివర్లో గ్రంథసూచి కోసం రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, నెట్‌లో వీడియోలు బోలెడు.

ఇక ఏ సర్క్యులర్‌లోనూ కనబడని సంగతి, రిఫరెన్స్ సెక్షన్. మా లైబ్రరీలో అది పై అంతస్తులో మూలన ఉండేది, ఎప్పుడూ సగం లైట్లే వెలిగేవి. ఓరియెంటేషన్ రోజు అందరినీ అలా తిప్పి, "ఇక్కడ గెజిటీర్లు, సెన్సస్ రిపోర్టులు" అని ఒక్క ముక్క చెప్పి కిందికి దింపేశారు. తర్వాత నేనొక్కదాన్నే వెళ్లి అక్కడుండే సార్‌కి నా టాపిక్ చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి 1961 సెన్సస్ సంపుటాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. సెన్సస్ అంటే జనాభా పట్టికలేనని చాలామంది అనుకుంటారు. 1961లో మాత్రం ఎంపిక చేసిన గ్రామాల మీద విడివిడిగా సర్వే పుస్తకాలు వేశారు, ఆంధ్రప్రదేశ్ చేతివృత్తుల మీద ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది, జాతరలూ పండుగల మీద ఇంకొకటి. మా దగ్గర వీటిలో సగం కంప్యూటర్ క్యాటలాగ్‌లోకి ఎక్కలేదు. ఆయనకు ఏ బీరువాలో ఏముందో తెలుసు, అంతే. నా రెండో అధ్యాయం ఆ బల్ల దగ్గరే తయారైంది.

చరిత్ర, అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం, తెలుగు, వీటిలో మీది ఏదైనా సరే ఈ సంపుటాలు ఒకసారి అడిగి చూడండి. సైన్స్ వాళ్లయితే ఈ పేరా దాటేయొచ్చు.

క్యాటలాగ్‌లో తెలుగు పుస్తకాలు వెతకడం కొంచెం ఓపికతో కూడిన పని. చాలా లైబ్రరీల్లో తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు. చేనేత అని వెతకాలంటే మొదటి అక్షరానికి ఒకరు 'సి' ఒక్కటే వేస్తారు, ఒకరు 'సిహెచ్' వేస్తారు. చివరి 'త'కు ఒకరు 'టి', ఇంకొకరు 'టిహెచ్'. నాలుగు రకాలుగా వెతికాకే పుస్తకం లేదని నమ్మండి. అంతకంటే సులువు, విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీ అయితే అంకె పట్టుకుని నేరుగా ర్యాకు దగ్గరికే వెళ్లడం. సహకార రంగం 334, వస్త్రాల తయారీ 677, తెలుగు సాహిత్యం 894.827. నా టాపిక్ 334కీ 677కీ మధ్య రెండు అంతస్తుల్లో చీలిపోయి ఉండేది, మెట్లెక్కి దిగడంతో వ్యాయామం కూడా అయ్యేది.

మీ లైబ్రరీలో లేని పుస్తకం ఇంకెక్కడైనా ఉంటే అది తెప్పించే మార్గమూ ఉంది. లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే డెల్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో మీ యూనివర్సిటీ సభ్యత్వం తీసుకుందేమో అడగండి. ఉంటే మీ తరఫున లైబ్రరీయే వేరే లైబ్రరీ నుంచి పుస్తకం అరువు అడగగలదు. పుస్తకం కదిలే పరిస్థితి లేకపోతే మనమే కదలాలి. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది, పాత తెలుగు పత్రికలకు పెట్టింది పేరు. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఇలాంటి చోట్లకు వెళ్లేముందు మీ గైడ్ నుంచీ లైబ్రేరియన్ నుంచీ పరిచయ లేఖ తీసుకెళ్లండి. యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం చూపిస్తే పని తొందరగా అవుతుంది.

ఉత్సవాల సంగతికొస్తే, ఆగస్టు 12 మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ పుట్టినరోజు, దాన్ని గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుతారు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వీటిలో ఉపన్యాసాలకు వెళ్లకపోయినా పుస్తక ప్రదర్శనకు వెళ్లండి. పుస్తకాలమ్మేవాళ్లు కొత్తవి తెచ్చి పరుస్తారు, లైబ్రరీకి ఏవి కొనాలో సిఫార్సు చేసే ఫారాలు అక్కడే పెడతారు. ప్రొఫెసర్లకే అది అని వెనక్కి తగ్గకండి. ఫారం నింపి మీ గైడ్ సంతకం పెట్టించి ఇవ్వండి. నేను రాసిచ్చిన పుస్తకాల్లో కొన్ని మరుసటి ఏడాది కొత్త పుస్తకాల ర్యాకులో కనిపించాయి. మొదట ఇష్యూ చేయించుకున్నది నేనే.

రీడింగ్ రూం మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. నోటిఫికేషన్ల కాలంలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్లు పొద్దున్నే సొంత పుస్తకాలతో సీట్లు ఆపుకుంటారు. వాళ్లను విసుక్కునే స్కాలర్లు ఉన్నారు, నాకది నచ్చదు. అద్దె గదుల్లో నలుగురైదుగురు సర్దుకునే పిల్లలకు ఫ్యాను, మంచినీళ్లు, నిశ్శబ్దం దొరికే చోటు అదొక్కటే. మీరు పీరియాడికల్స్ సెక్షన్‌లో కూర్చోండి, అక్కడెప్పుడూ ఖాళీయే.

మీ బ్యాచ్‌లో చూపు లేని స్కాలర్ ఎవరైనా ఉంటే, లైబ్రరీ సిస్టమ్‌లో ఎన్‌వీడీఏ వేయించమని కలిసి అడగండి. అది ఉచిత స్క్రీన్ రీడర్, డబ్బులు మంజూరు కాలేదన్న సాకు దానికి చెల్లదు. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా అలాంటి పాఠకుల కోసమే ఉంది, సభ్యత్వం ఎలాగో అప్పుడే అడగండి.

చివరగా, థీసిస్ సమర్పించే వేళ మళ్లీ లైబ్రరీ గడపే తొక్కాలి. లైబ్రరీకి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ కావాలి, సిమిలారిటీ సర్టిఫికెట్ కావాలి, దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పెట్టడానికి అధ్యాయాల వారీగా పీడీఎఫ్‌లు ఇవ్వాలి. ఫైళ్ల పేర్లు ఎలా ఉండాలో, ఏ క్రమంలో ఇవ్వాలో ఆర్నెల్ల ముందే అడిగి రాసుకోండి. స్నేహితుల కోసం మీ కార్డు మీద తీసిన పుస్తకాలు కూడా అప్పుడే వెనక్కి రాబట్టుకోండి.