తీరంలో గుంపులుగా వాలే పిట్టల్ని ఎలా లెక్కపెడతారు?

తీరప్రాంత అభయారణ్యంలో వేల పిట్టలు కుదురుగా ఉండవు కదా, లెక్క ఎలా తేలుతుందని మీ ప్రశ్న. సగం పని సముద్రమే చేసిపెడుతుంది. ఆటు సమయంలో ఉల్లంకులు, ప్లోవర్లు లాంటి తీరపు పిట్టలు బురద మేటల మీద మైళ్ల పొడవునా చెల్లాచెదురుగా మేస్తుంటాయి. పోటు వచ్చి బురద మునిగేసరికి అన్నీ మిగిలిన కాస్త ఇసుక దిబ్బ మీదికి చేరి, ఒంటికాలి మీద, ముక్కు రెక్కల్లో దూర్చి నిలబడతాయి. లెక్కపెట్టేది అప్పుడే.

గుంపు చిన్నదైతే టెలిస్కోపులో ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. పెద్దదైతే ముందు యాభై పిట్టల్ని నిజంగా లెక్కించి, అవి ఎంత మేర ఉన్నాయో కంటితో పట్టుకుని, అలాంటి ముక్కలు గుంపులో ఎన్నున్నాయో చూస్తారు. అంచుల్లో పలచగా, మధ్యలో ఒత్తుగా ఉంటాయి కాబట్టి అంచు ముక్కతో మొత్తాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది. గుంపు పెద్దదయ్యేకొద్దీ మన కన్ను తక్కువే చెబుతుంది. ఈలోగా డేగ వచ్చిందంటే అంతా గాల్లోకి లేస్తుంది, మళ్లీ మొదటికే!

గల్స్ అనే సముద్రపు పిట్టలతో తలనొప్పి వేరు. పెద్ద జాతులకు పూర్తి రంగు రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. అందాకా గోధుమ మచ్చలతో ఉండే పిల్లల్లో ఏది ఏ జాతో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. తేలకపోతే 'గల్, జాతి తెలియదు' అని రాయడమే నయం, ఊహించి రాయకూడదు.

1967లో మొదలైన అంతర్జాతీయ నీటిపక్షుల గణన ఏటా జనవరిలోనే ప్రధానంగా జరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో అప్పుడు వలసలు తక్కువ, కాబట్టి ఒకే పిట్టను రెండుచోట్ల లెక్కపెట్టే ప్రమాదమూ తక్కువే.