జెన్‌కి ఎస్టీమ్ ఇంజను ఎక్కిస్తానంటున్న అల్లుడికి

ఒరే అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసి సగం మురిసిపోతూ, సగం ఏడుస్తూ చెప్పింది. 1998 నాటి కార్బురేటర్ మారుతి జెన్ కారు కొన్నావట, దానికి ఎస్టీమ్ ఇంజను ఎక్కిస్తావట. నువ్వు స్పోర్ట్స్ కారంటున్నావు, తను డొక్కు అంటోంది. వద్దని చెప్పమని నాకు పురమాయించింది. వద్దంటే ఆగే రకానివి కాదని నాకు తెలుసు కనక వద్దనను. కానీ డబ్బులు కట్టేశాక కాదురా మావయ్యకి తెలియాల్సింది, ముందు ఒక మాట చెబితే నీ సొమ్మేటి పోతుంది?

ఎంచుకున్నది మాత్రం మంచి ఇంజనే. నీ బండిలో ఉన్నది 993 సీసీ జి10బి, 50 హార్స్‌పవర్. ఎక్కించాలనుకుంటున్న ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఎస్టీమ్ ఇంజను 1298 సీసీ జి13బిబి, పదహారు వాల్వులు, 85 హార్స్‌పవర్. రెండూ సుజుకి జి కుటుంబమే. ఎనిమిది వందల కిలోలు కూడా లేని బండికి 85 అంటే తక్కువేం కాదు. అలాగని ఒకే కుటుంబం కదా, అన్ని బోల్టులూ కలిసిపోతాయనుకోకు. మౌంటింగులు, యాక్సిల్ పళ్ళు, సైలెన్సర్ ముందు పైపు, యాక్సిలరేటర్ కేబుల్ ఒక్కొక్కటీ కొలిచి చూసుకోవాలి. జిప్సీ ఇంజను చవగ్గా దొరికిందని ఎవడైనా తెస్తే తీసుకోకు. పేరు అదే జి13బిబి, కానీ జిప్సీలో అది నిలువుగా కూర్చుంటుంది, నీ బండిలో అడ్డంగా. ఇన్‌టేక్, ఆయిల్ ఛాంబరు, మౌంటింగులు అన్నీ వేరు. ఆదా చేసిన డబ్బు లేత్ వాడికి పోస్తావు.

పానా పట్టుకునే ముందు కాగితం సంగతి చూడు. నీ ఆర్‌సీలో 993 అని ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో 182-ఎ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా నీది పదిహేనేళ్ళు దాటిన బండి, ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి ఇనస్పెక్టరు ముందు నిలబడాలి. ఆయన ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు చూస్తాడు. అందుకని విజయనగరం రవాణా ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా అడుగు. ఒప్పుకుంటే ఇన్సూరెన్సులో కూడా రాయించు. ఒప్పుకోకపోతే అది రోడ్డు బండి కాదు, ట్రాక్ బండి. లారీ మీద ఎక్కించి కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో, చెన్నై ఇరుంగట్టుకోట్టైకో తీసుకెళ్ళి ఆశ తీరా తోలుకో. దొంగచాటుగా మాత్రం తోలకు. ఎవడికైనా తగిలిందంటే ఇన్సూరెన్సు వాడు ఇచ్చిన డబ్బు నీ దగ్గర రాబట్టుకుంటాడు, మీ నాన్న పొలం దాకా వస్తుంది.

తర్వాత తుప్పు. మన వైపు ఉప్పుగాలి తిన్న బండ్లు పైకి పెయింటుతో మెరుస్తాయి. ముందు సస్పెన్షన్ పైన కూర్చునే చోట, కింద క్రాస్‌మెంబరు బోల్టుల చుట్టూ, జాకీ పెట్టే అంచుల దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడు. లోపలికి దిగిందంటే ముందు రేకు పని, ఆ తర్వాతే ఇంజను మాట.

ఇంజను విశాఖ ఆటోనగర్‌లో వెతుకుతావనుకుంటాను. ఒక్క ఇంజను కొనకు. గేర్‌బాక్సు, యాక్సిళ్ళు, ఫ్లైవీలు, క్లచ్, పూర్తి వైరింగ్ కిట్, ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటరు), రిలేలు (కరెంటు స్విచ్చులు), సెన్సర్లు, రేడియేటరు ఫ్యానుతో సహా అన్నీ ఒకే బండివి కావాలి. సొంత తాళంచెవి లేకపోతే స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఉన్న బండైతే దాని తాళంచెవి కూడా తీసుకో. వైరింగ్ కిట్‌ని కత్తిరించి ఇస్తానంటే కొనకు, కనెక్టరు ఊడదీసి ఇవ్వమను. ఇంజను నంబరు రాసిన బిల్లు, ఆ పాత బండి ఆర్‌సీ రద్దయిన కాగితం తప్పనిసరి. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కంప్రెషన్ చూడు. చదరపు సెంటీమీటరుకి 14 కిలోలు దాకా ఉంటే బేషు, 12కి తగ్గితే వదిలేయి, సిలిండరుకీ సిలిండరుకీ కిలో కంటే తేడా ఉండకూడదు.

దించడం, ఎక్కించడం నీకు చెప్పనక్కర్లేదు. బ్యాటరీ తీయి, ఆయిలూ నీళ్ళూ దించు, ప్రతి కనెక్టరుకీ టేపు మీద పేరు రాయి, చైన్ పుల్లీ కింద చెయ్యి పెట్టకు. ఇంజను బయట ఉండగానే టైమింగ్ బెల్టు, టెన్షనరు, వాటర్ బాడీ (నీళ్ళ పంపు), క్రాంక్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ బేరింగు కొత్తవి వేసేయి. తర్వాత చేద్దాంలే అంటే మళ్ళీ దించాలి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. పెట్రోలు.

నీ పాత ఇంజనుకి పెట్రోలు పంపు క్యామ్‌షాఫ్టుతో నడుస్తుంది. కొట్టే ప్రెషరు పావు కిలో, దానికి అటూ ఇటూ. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది, ఎవరూ ఆపక్కర్లేదు. ఎంపీఎఫ్‌ఐలో ట్యాంకులో కూర్చున్న కరెంటు పంపు రెండున్నర నుంచి మూడు కిలోల దాకా కొడుతుంది. అంటే పదింతలు. దాన్ని ఆపాల్సింది ఈసీఎం. తాళం ఆన్ చేయగానే ఈసీఎం పంపుని రెండు మూడు సెకన్లు నడిపి లైన్లో ప్రెషరు నింపి ఆపేస్తుంది. సెల్ఫ్ కొట్టి, ఇంజను తిరుగుతోందన్న సిగ్నల్ అందితేనే మళ్ళీ నడుపుతుంది. ఆ సిగ్నల్ ఆగితే పంపు రిలేని వదిలేస్తుంది.

ఇలాంటి మార్పిళ్ళలో జరిగే పాత తప్పు ఇక్కడే ఉంది. ఇంజను ఎక్కుతుంది, సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు. కారణం వైరింగ్‌లో ఎక్కడో ఒక ఎర్తు తగలకపోవడమో, మెయిన్ రిలేకి కరెంటు అందకపోవడమో. అది వెతకడానికి రెండు రోజులు పడుతుంది. ఎవడో తెలివైనవాడు వచ్చి తాళం స్విచ్చి నుంచి పంపుకి నేరుగా ఒక వైరు లాగుతాడు. పంపు బుర్రుమంటుంది, బండి స్టార్ట్ అవుతుంది, అందరూ చప్పట్లు. ఆ వైరు ఇక ఎవరూ తీయరు. బండి నెలల తరబడి బ్రహ్మాండంగా నడుస్తుంది కూడా. ఒకరోజు లారీ వెనక గుద్దుకుంటుంది, ఇంజను ఆగుతుంది, తాళం ఆన్‌లోనే ఉంటుంది, ముందు పైపు తెగి ఉంటుంది. పంపుకి మాత్రం ఏమీ తెలీదు. నిమిషానికి లీటరు దాకా పెట్రోలు కాలుతున్న సైలెన్సర్ మానిఫోల్డు మీద పోస్తూనే ఉంటుంది. లోపల ఉన్నవాడు సీటు బెల్టు తీసుకునే వ్యవధి కూడా ఉండదురా. మీ అమ్మకి నువ్వొక్కడివే. నేరుగా వైరు లాగే మెకానిక్ ఎంత పెద్ద పేరున్నవాడైనా సరే, దణ్ణం పెట్టి పంపేయి.

సరిగ్గా చేస్తే ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి వైరు, దాని మొదట్లోనే, జానెడు దూరంలోపు, 15 ఆంప్స్ ఫ్యూజు. అక్కడి నుంచి పంపు రిలే 30వ కాలు. 87 నుంచి పంపుకి 2.5 స్క్వేర్ వైరు. 85, 86లో ఒకదానికి తాళం కరెంటు, రెండోది ఈసీఎం ఎర్తు చేసే వైరు. వీలైతే మధ్యలో దెబ్బ తగిలితే తెగే ఇనర్షియా స్విచ్చి పెట్టు, పాత విదేశీ బండ్లలో దొరుకుతుంది.

పరీక్ష రెండు రకాలు. వెనక పెట్రోలు మూత తీసి చెవి పెట్టు, ఇంకొకడిని తాళం ఆన్ చేయమను. జుయ్‌మని రెండు మూడు సెకన్లు మోగి టక్కున ఆగాలి. ఆగకుండా మోగుతూ ఉంటే అది నేను చెప్పిన వైరే. రెండోది, బండి ఐడిల్‌లో ఉండగా బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి క్లచ్ వదిలి ఇంజనుని చంపేయి, తాళం ఆన్‌లోనే ఉంచు. పంపు ఒకటి రెండు సెకన్లలో ఆగాలి. రెండూ పాసయితేనే గేటు దాటు.

కార్బురేటర్ ట్యాంకులో పంపుకి చోటుండదు. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ జెన్ ట్యాంకు పంపుతో సహా తెచ్చుకో, మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ లైను కూడా వెయ్యి. పాత ట్యాంకుకే రంధ్రం కొట్టి వెల్డింగు పెడదామనే వాళ్ళుంటారు, నీళ్ళతో కడిగేశాం అంటారు. ఎన్ని నీళ్ళతో కడిగినా మూలల్లో ఆవిరి మిగులుతుంది, బాంబులా పేలుతుంది. పైపు మీద ఎస్‌ఏఈ 30ఆర్9 అని అచ్చు చూసి కొను, మామూలు 30ఆర్7 కార్బురేటర్‌కి. ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్క మాత్రం 30ఆర్10 కావాలి, బయటి పైపు లోపల పెడితే ఉబ్బి ఊడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుని ఇంకా తొందరగా తినేస్తుంది. క్లిప్పులు అంచు మడిచినవి వాడు, గాట్లున్నవి రబ్బరుని కోస్తాయి. రేకులోంచి పైపు వెళ్ళే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ పెట్టు. కాళ్ళ దగ్గర చేతికందేలా మంటలార్పే ఒక కిలో ఏబీసీ పౌడర్ సిలిండరు బిగించు.

ఎర్తు ఇంకోటి. ఇంజనుకీ బాడీకీ మధ్య మందపాటి ఎర్తు పట్టీ మర్చిపోతే సెల్ఫ్ కరెంటంతా క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ మీదుగా పోతుంది. కేబుల్ కాలి యాక్సిలరేటర్ తొక్కినచోటే పట్టేస్తుంది. పెయింటు గీకి, మెరిసే రేకు మీద బిగించు.

చల్లదనానికి ఎస్టీమ్ రేడియేటరే పెట్టు, కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం. మన ఎండలకి ఫ్యాను బేగి తిరగకపోతే హెడ్ వంకర పోతుంది. బండి నిలబెట్టి, ఫ్యాను దానంతటది తిరిగే దాకా చూడు.

బ్రేకులు ఇంజను కంటే ముందు మార్చు. 80 నుంచి ఆపడానికి ఎంత వేడి పుడుతుందో 120 నుంచి ఆపడానికి దానికి రెండుంపావు రెట్లు పుడుతుంది, నీ డిస్కులేమో 50 హార్స్‌పవర్ బండివి. డిస్కు మందం అంచు మీద కొట్టిన కనీస కొలత కంటే తక్కువుంటే పారేయి. రబ్బరు గొట్టాలు, ఆయిలు కొత్తవి వేయి. పెద్ద బండి క్యాలిపర్ పడుతుందంటే సరే, పట్టించడానికి చక్రాన్ని మోసే నకిల్‌ని గ్రైండ్ చేస్తానంటే వద్దు.

కాగితం వచ్చి రోడ్డెక్కితే మొదటి వెయ్యి కిలోమీటర్లు మూడు వేల ఆర్‌పీఎం లోపే. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్తానని మీ అమ్మతో అన్నావట. ఆ వెయ్యీ అయ్యాక, మౌంటింగు బోల్టులు, యాక్సిల్ నట్లు, పెట్రోలు క్లిప్పులు మళ్ళీ బిగించాక వెళ్ళు. దిగేటప్పుడు గేరులో దిగు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకు.

పెట్రోలు ప్రెషరు చూసే గేజు, కంప్రెషన్ గేజు నా దగ్గరున్నాయి. శ్రీకాకుళం బస్సులో కండక్టరుకి ఇచ్చి పంపుతాను, కాంప్లెక్స్‌కి వచ్చి తీసుకో. ప్రెషరు గేజు అద్దానికి చిన్న పగులుంది, అది నువ్వు చేసిందని అననులే. దాని వాషరు మాత్రం పోగొట్టావంటే చెవి మెలేస్తాను.

మీ మావయ్య