గ్యారేజీలో పనిచేసిన రోజున తలనొప్పి, వికారం: కారణమేమిటి?

ప్రశ్న: నా వయసు 52 సంవత్సరాలు. పాత కార్లను బాగుచేసుకోవడం నా వ్యాపకం. సెలవు రోజుల్లో ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో పనిచేస్తుంటాను. కొంతకాలంగా ఇంజిన్ ట్యూనింగ్ చేసిన రోజున సాయంత్రానికి తలనొప్పి, వికారం వస్తున్నాయి, మర్నాటికి తగ్గిపోతున్నాయి. పల్స్ ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది. చేతుల చర్మం కూడా పొడిబారి పగులుతోంది. ఈ గ్యారేజీని పూర్తిస్థాయి వర్క్‌షాపుగా మార్చుకోవాలనుకుంటున్నాను. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక పాఠకుడు

జవాబు: తలనొప్పి ఇంజిన్ నడిపిన రోజునే వచ్చి మర్నాటికి తగ్గిపోతోందని రాశారు. ఈ ఒక్క వివరాన్ని బట్టే ముందుగా కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించాల్సి వస్తోంది. పాత కార్లలో చాలావాటికి ఈ విషవాయువును తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ ఉండదు. పైగా గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్‌ను సరిచేసేటప్పుడు పెట్రోలు మోతాదు ఎక్కువైతే ఇది మరింతగా వెలువడుతుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి నిద్రపోయి లేచేసరికి మీకు తేలికగా అనిపించడం సహజమే.

ఆక్సీమీటర్ అంకె చూసి ధైర్యపడకండి. వేలికి తగిలించే ఆ పరికరం ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హిమోగ్లోబిన్‌కూ తేడా గుర్తించలేదు. ప్రమాదస్థాయిలో విషం ఎక్కిన మనిషికి కూడా 98 చూపించగలదు. నిజం తెలియాలంటే, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పే కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్తపరీక్ష చేయించాలి. అదీ తలనొప్పి ఉన్నప్పుడే చేయించాలి. మర్నాడు వెళితే ఫలితం మామూలుగానే వచ్చి అసలు కారణం మరుగున పడిపోతుంది.

అందువల్ల పనిముట్లు కొనడానికి ముందు గ్యారేజీలోని గాలి సంగతి చూడండి. తలుపు తెరిచి ఉంచితే చాలనుకోవద్దు. ఇంజిన్ నడపాల్సినప్పుడు బండిని బయటకు తోసి నడపడమే అన్నిటికంటే మంచి పద్ధతి. అది కుదరని పక్షంలో సైలెన్సర్ గొట్టానికి వేడిని తట్టుకునే హోస్ బిగించి, పొగను ఫ్యాను సాయంతో కిటికీలకు దూరంగా బయటకు పంపాలి. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉందన్నారు కనుక, ఇంట్లోకి తెరుచుకునే తలుపు సందులు మూయించి, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. మీతోపాటు ఇంట్లో ఇంకెవరికైనా అదే రోజు తల నొస్తే, అందరూ వెంటనే బయటి గాలిలోకి వచ్చి ఆసుపత్రికి వెళ్లాలి.

పాత కార్ల పనిలో నన్ను ఇంతే కలవరపెట్టే మరో విషయం బ్రేకుల దుమ్ము. డ్రమ్ము విప్పగానే లోపల పేరుకున్న పొడిని నోటితో ఊదేయడమో, కంప్రెసర్ గాలి కొట్టడమో చాలామందికి అలవాటు. పాత బ్రేక్ షూలలో, క్లచ్ ప్లేట్లలో, కొన్ని గ్యాస్కెట్లలో వేడిని తట్టుకునే ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు పీచు ఉండవచ్చు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఆ రోజు దగ్గు కూడా రాకపోవచ్చు. క్యాన్సర్ 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. పొడిని నీటితో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూతికట్టి పారవేయండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ ఆ పోగులను మళ్లీ గాలిలోకే వదులుతుంది కాబట్టి దానిని వాడవద్దు. పని బట్టలతో ఇంట్లోకి వెళ్లకండి, వాటిని పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. దానిని పొడిగా గీకకుండా తడి ఎమరీ కాగితంతో రుద్దండి; గ్యారేజీలో ఏమీ తినవద్దు, తాగవద్దు. రెండు డబ్బాలు కలిపి కొట్టే టూ-ప్యాక్ పెయింట్‌ను మాత్రం ఇంట్లో స్ప్రే చేయవద్దనే నా సలహా. అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాల వల్ల ఆస్తమా ఒకసారి మొదలైతే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు సోకినా తీవ్రమైన ఆయాసం రావచ్చు. మామూలు మాస్కు దీనికి చాలదు. ఆ ఒక్క పనినీ స్ప్రే బూత్ ఉన్నవారికి అప్పగించండి.

చేతుల పగుళ్లకు కారణం బహుశా పెట్రోలుతోనో థిన్నర్‌తోనో గ్రీజు కడుక్కోవడం. అవి చర్మంలోని కొవ్వును కరిగించేస్తాయి. పైగా పెట్రోలులోని బెంజీన్ క్యాన్సర్ కారకం. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని పనిచేయండి, సబ్బుతో కడుక్కుని వాజలిన్ రాయండి. మూడు వారాల్లో తగ్గకపోతే ఏ పదార్థం పడడం లేదో తెలుసుకోవడానికి చర్మవైద్యుడు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. ఇక, జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకు ఎప్పుడూ దూరకండి. గట్టి నేల మీద బండి బరువు మోసే యాక్సిల్ స్టాండ్లు పెట్టాకే వెళ్లండి.

బీపీ బాగా పెరిగినా తలనొప్పి రావచ్చు కనుక మీ వయసులో బీపీ చూపించుకుని, ఈసీజీతో పాటు రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించుకోండి. కార్బన్ మోనాక్సైడ్ గుండెకు అందే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. పని మధ్యలో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా, మర్నాటికి తగ్గుతుందిలే అని ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, మూసిన గదిలో ఇంజిన్ పొగ పీల్చిన సంగతి డాక్టరుకు మొట్టమొదటే చెప్పండి.