వరద అంచనా వేసే ఉద్యోగం చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది కూనవరం మండలం. 2022 జులై వరదకి ఇల్లు మునిగి, గుట్ట మీద టార్పాలిన్ కింద తలదాచుకున్నాం. భద్రాచలంలో నీళ్లు ఎన్ని అడుగులకు వచ్చాయో గంటగంటకూ ఫోన్‌లో చూసి అందరికీ చెప్పింది మా అమ్మాయే. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. సివిల్ చదివి వరదను ముందుగా చెప్పే ఉద్యోగం చేస్తానంటోంది. మేం సీఎస్ఈ అనుకున్నాం. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? - ఒక తండ్రి

జవాబు: ఉందండీ. కేంద్ర జలసంఘం 1958లో ఢిల్లీ దగ్గర యమునతో ఈ పని మొదలుపెట్టింది. గోదావరి మీద భద్రాచలానికి, మీ కూనవరానికి కూడా నీటిమట్టం ఎంతకు చేరుతుందో ముందుగా అంచనా చెబుతుంది. మీ ఇల్లు మునిగిన 2022లో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగులే ఇప్పటికీ రికార్డు. 43, 48, 53 అడుగుల దగ్గర ఇచ్చే మూడు ప్రమాద హెచ్చరికల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ అంకె వెనక పని ఎలా ఉంటుందో మీ అమ్మాయి ముందు తెలుసుకోవాలి. గట్టు మీద గేజ్ పలక దగ్గర నిలబడి ఒకరు అంకె చదువుతారు. పడవ మీద నది మధ్యకు వెళ్లి, ప్రవాహ వేగం చెప్పే పరికరం (దాన్నీ కరెంట్ మీటర్ అంటారు) నీళ్లలోకి దించి, వేగం కొలుస్తారు. మట్టం ఇంత ఉంటే ప్రవాహం ఎన్ని క్యూసెక్కులని ఏళ్ల తరబడి కొలిచి గీసిన గీత ఒకటి ఉంటుంది. ఎగువన పేరూరులో ఇంత ఉంటే కొన్ని గంటలకు భద్రాచలంలో ఎంత ఉంటుందన్న లెక్క దాని మీదే నిలబడుతుంది. ఇప్పుడు సెన్సర్లు, ఉపగ్రహాలు వచ్చాయి, కంప్యూటర్ నమూనాలు వచ్చాయి. అయినా మొదటి కొలత తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి.

ఇక మీ ఊరి లెక్క ఇంకా చిక్కు. శబరి మీ దగ్గరే గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు దిగడానికి చోటుండదు, ఎగపోటు తన్ని చింతూరు దాకా ముంచుతుంది. శబరి ఉధృతంగా ఉంటే గోదావరి నీళ్లు నిలబడి భద్రాచలంలో మట్టం త్వరగా తగ్గదు. అంటే పేరూరులో అదే అంకె ఉన్నా రెండు రోజుల్లో రెండు రకాల వరద రావచ్చు. శబరి ఒడ్డున ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కుంట అనే ఊరి దగ్గర నీళ్లెంత ఉన్నాయో కూడా చూడాల్సిందే. మీ పాపకు ఇది చిన్నప్పటినుంచి కళ్లముందున్న విషయం. నగరంలో పెరిగిన పిల్లలకు అది పుస్తకంలో నేర్పాలి.

నా మాట సివిల్‌కే. కారణం సూటిగా చెబుతాను. జలసంఘంలో అధికారిగా చేరాలంటే యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష, జూనియర్ ఇంజినీరు (జేఈ) కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జేఈ పరీక్ష రాయాలి. రాష్ట్ర జలవనరుల శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పోస్టు ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. ఈ మూడు తలుపులకూ సూటి దారి సివిలే, సీఎస్ఈ కాదు. ఏడో వేతన సంఘం ప్రకారం జేఈకి మూలవేతనం 35,400, గ్రూప్-ఏ అధికారికి 56,100తో మొదలవుతుంది. ప్రోగ్రామింగ్ మాత్రం వదలొద్దు. బీటెక్ మొదటి ఏడాదే పైథాన్ నేర్చుకోమనండి. గూగుల్ 2018లో పట్నాలో వరద హెచ్చరికలు మొదలుపెట్టిందీ యంత్రాలకు పాత లెక్కలు నేర్పించే. హెచ్‌ఈసీ-రాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో నదిని గీసి నీళ్లు పారించి చూడొచ్చు.

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ రూర్కీలో హైడ్రాలజీ, ఎన్ఐటీ వరంగల్‌లో జలవనరుల ఇంజినీరింగ్ ఎంటెక్ ఉన్నాయి. రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థకు కాకినాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలతో వరద పటాలు తయారుచేస్తుంది. ఇంజినీరింగ్ వద్దనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం ఎంఎస్సీ చేసి వాన వైపు నుంచి రావచ్చు.

ఒక్క కష్టం దాచను. వానాకాలమంతా రాత్రి డ్యూటీలుంటాయి. అస్సాం, బిహార్‌లలో పోస్టింగ్ పడొచ్చు. ఊళ్లో వరదొచ్చినప్పుడు తను ఎక్కడో మరో నది లెక్క చూస్తూ ఉండొచ్చు.

సీటు ఎంచుకునేలోగా తనకో పని చెప్పండి. తల్లీ, నీతోనే అంటున్నాను. ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకో. ఈ జులై నుంచి పేరూరు, కుంట, భద్రాచలం, కూనవరం మట్టాలు రోజూ ఉదయం, సాయంత్రం రాసుకో. జలసంఘం మీటర్లలో, సముద్రమట్టం నుంచి చెబుతుంది, మనవాళ్లు అడుగుల్లో చెబుతారు. రెంటినీ కలిపేయకు. గ్రాఫు కాగితం మీద గీతలు గీయి. పేరూరు గీత పైకెక్కిన ఎన్ని గంటలకు భద్రాచలం గీత ఎక్కుతోందో చూడు. రేపటి మట్టాన్ని పెన్సిల్‌తో ముందే రాసి, తెల్లారాక పెన్నుతో నిజం రాయి. సెప్టెంబరు దాకా విసుగు లేకుండా రాయగలిగితే ఆ పుస్తకం నాకు పంపు. ఏ రోజు అంచనా ఎందుకు తప్పిందో కలిసి చూద్దాం.