‘కదలకూడదు’ వేరు, ‘కదిలి ఉండకూడదు’ వేరు

సందేహం: పిల్లలకు చదరంగం నేర్పుతూ నియమాలన్నీ తెలుగులో రాసి ఇచ్చాను. అది చదివి ఒక్కొక్కరు ఒక్కో విధంగా ఆడుతున్నారు. ‘కదలకుండా కోట ఎలా కడతారు?’ అని చిన్నవాడు అడుగుతున్నాడు. పైగా అందరం కలిసి రెండు కొత్త పావులతో ఓ కొత్త చదరంగం కల్పించాం. ఇలాంటి ఆటను రూపాంతరం అనాలా, ఆటాంతరం అనాలా? ‘రాజు కదిలాడు’ సరైనదా, ‘కదిలింది’ సరైనదా? చెక్‌మేట్‌కూ స్టేల్‌మేట్‌కూ తెలుగు మాటలున్నాయా? అసలు చదరంగమా, చతురంగమా? నేను రాసిన కాగితం జతచేశాను. దిద్దగలరు.

సమాధానం: మీ కాగితాన్ని చదరంగం బల్ల ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యానికీ పావులు కదుపుతూ చదివాను. పిల్లల తప్పేమీ లేదు. మీకూ ఆట బాగానే వచ్చు. తేడా అంతా క్రియాపదాల దగ్గర వచ్చింది. కథలో ఒక మాట అటూ ఇటూ అయితే చదివేవారు సర్దుకుంటారు. నియమంలో అలా కుదరదు. రాసిన మాట ఎంత చెబితే ఆట అంతవరకే. అందుకని పేర్ల సంగతి కాస్త ఆపి, ముందు వాక్యాలు చూద్దాం.

‘కోట కట్టేటప్పుడు రాజు, ఏనుగు కదలకూడదు’ అని రాశారు. కోట కట్టడమంటేనే (ఇంగ్లీషులో క్యాజ్లింగ్) రాజు ఏనుగు (రూక్) వైపు రెండు గళ్ళు జరగడం, ఏనుగు రాజును దాటి అవతలి గడిలో దిగడం. కాబట్టి మీ చిన్నవాడు వాక్యాన్ని సరిగ్గానే చదివాడు. మీరు చెప్పదలచింది ఆ ఎత్తు గురించి కాదు, అంతవరకు నడిచిన ఆట గురించి. అందుకు ‘ఉండు’ సాయం కావాలి. ‘అంతవరకు ఆ రాజు గానీ ఆ ఏనుగు గానీ ఒక్కసారి కూడా కదిలి ఉండకూడదు’ అని రాయండి. ‘కదలకూడదు’ అన్నది ఇకమీద జరగబోయేదాన్ని వద్దంటుంది. ‘కదిలి ఉండకూడదు’ అన్నది ఇదివరకు జరిగినదాన్ని అడుగుతుంది. తెలుగులో ఇంత చక్కని ఏర్పాటు ఉండగా దాన్ని వాడుకోకపోతే ఎలా?

దాని కింద ఉన్న వాక్యం ఇంకా ఎక్కువమందిని దారి తప్పిస్తుంది: ‘రాజుకు చెక్ వస్తే కోట కట్టకూడదు.’ చెక్ అంటే ఎదుటి పావు గురి రాజు మీద పడటం. అది ఎప్పుడు వస్తే? ఆటలో ఎప్పుడో ఒకసారి వచ్చినా చాలునా? కొత్తగా నేర్చుకునేవారు చాలామంది అలాగే అనుకుని, ఒక్క చెక్ పడగానే కోట మీద ఆశ వదులుకుంటారు. నిజానికి చెక్ వచ్చినప్పుడు రాజును కదపకుండా, మరో పావును అడ్డం పెట్టో, చెక్ ఇచ్చినదాన్ని చంపో బయటపడితే, ఆ తర్వాత నిక్షేపంగా కోట కట్టవచ్చు. ‘రాజు చెక్‌లో ఉన్నప్పుడు కోట కట్టకూడదు’ అనండి. ఆ ఒక్క ‘ఉన్నప్పుడు’తో అనుమానం తీరుతుంది. రాజు దాటే గడి మీద గానీ, దిగే గడి మీద గానీ ఎదుటి పావుల గురి ఉండకూడదని కూడా చేర్చండి. ఈ షరతు రాజుకే. ఏనుగు మీద గురి ఉన్నా, ఏనుగు ఒక్కటే దాటే గడి మీద గురి ఉన్నా అడ్డు లేదు. ‘రాజుకు’ అని ఊరుకుంటే ఏనుగు సంగతేమిటని మళ్ళీ అడుగుతారు. ‘రాజుకే’ అన్నారా, ఆ చిన్న ఏకారం ఏనుగును కూడా విడిపించేస్తుంది. మధ్య గళ్ళన్నీ ఖాళీగా ఉండాలన్నది మీరు సరిగ్గానే రాశారు.

దారిలో చంపడం (ఆన్ పసాన్) దగ్గర ‘వెంటనే చంపాలి’ అన్నారు. బంటు తన మొదటి ఎత్తులో రెండు గళ్ళు ముందుకు వచ్చి ఎదుటి బంటు పక్కన ఆగింది. అది ఒక్క గడే నడిచినట్టు లెక్కగట్టి, ఎదుటి బంటు దాన్ని ఐమూలగా వెళ్ళి చంపవచ్చు. ఈ వీలు ఆ తర్వాతి ఎత్తు వరకే. ‘చంపాలి’లో రెండు అర్థాలున్నాయి. చంపక తప్పదన్నది ఒకటి, చంపేటట్టయితే అప్పుడే అన్నది రెండోది. మీ ఉద్దేశం రెండోది, పిల్లలు పట్టుకున్నది మొదటిది. ‘చంపదలచుకుంటే ఆ వెంటనే వచ్చే ఎత్తులోనే చంపాలి, ఆ ఎత్తు దాటితే వీలు పోతుంది’ అని రాయండి. తలచడం ఆటగాడి ఇష్టం. ఆ మాట వాక్యంలో చేరగానే బలవంతం పోతుంది.

‘బంటు చివరి వరుసకు చేరితే పోయిన మంత్రి తిరిగి వస్తుంది’ అన్న వాక్యాన్ని మాత్రం కొట్టేయండి. ‘తిరిగి వస్తుంది’ అంటే ముందు అది పోయి ఉండాలి కదా! మంత్రి ఇంకా బల్ల మీదే ఉంటే బంటు అక్కడ ఏం చేయాలని పిల్లలు కొట్లాడుకున్నారంటే ఈ మాట వల్లే. నియమంలో తిరిగి రావడం లేదు, మారడమే ఉంది. ‘చివరి వరుసకు చేరిన బంటు ఆ ఎత్తులోనే మంత్రిగానో, ఏనుగుగానో, శకటంగానో, గుర్రంగానో మారుతుంది.’ (శకటం అంటే ఇంగ్లీషువారి బిషప్.) పోయినవాటితో లెక్క లేదు. ఒకే పక్షానికి ఇద్దరు మంత్రులు, ముగ్గురు మంత్రులు ఉన్నా తప్పు కాదు. బంటుగా మిగలడం, రాజుగా మారడం కుదరవు.

గుర్రం ‘పావులను దూకి వెళ్తుంది’ అన్నచోట ‘పావుల మీదుగా’ అనండి. లేకపోతే దూకినవన్నీ చచ్చాయనుకుంటారు. ‘చంపడం’, ‘తినడం’, ‘కొట్టడం’, ‘తీసేయడం’ నాలుగూ ఒకే కాగితంలో వాడారు. నాలుగూ జనం వాడే మాటలే, దేన్నీ తప్పు పట్టను. కానీ నియమాలు రాసేటప్పుడు ఒక పనికి ఒకే మాట ఉండాలి. మాట మారితే పని కూడా మారిందేమోనని చదివేవాడికి అనుమానం వస్తుంది.

ఇక మీరు అడిగిన మాటలకు వస్తాను. రాజును చంపడం ఈ ఆటలో లేదు. చెక్‌లో ఉన్న రాజుకు తప్పించుకునే దారి లేకపోతే ఆట అక్కడే ఆగుతుంది. ఆ స్థితికి తెలుగులో బంగారంలాంటి మాట ఉంది: ఆటకట్టు. దొంగల ఆట కట్టించారని పత్రికల్లో రోజూ చదువుతూ దాన్ని మామూలు పలుకుబడి అనుకుంటాం గానీ, అది ఆటల బల్ల మీది మాట. చెక్‌మేట్ వెనక ఉన్నది పారసీకంలోని ‘షా మాత్’. షా అంటే రాజు, మాత్ అంటే దిక్కుతోచని స్థితి. చెక్ అన్న మాట కూడా ఆ షా నుంచి వచ్చిందే. అక్కడ దిక్కుతోచకపోవడం, ఇక్కడ కట్టుబడిపోవడం. రెంటిలోనూ చావు లేదు. చెక్‌ను చెక్‌గానే ఉంచండి, అందరి నోటా నలిగిన మాట. చెక్‌మేట్‌కు మాత్రం ఆటకట్టు అనే చెప్పమని నా కోరిక.

స్టేల్‌మేట్‌కు అంతగా స్థిరపడిన తెలుగు మాట లేదు. రాజుకు చెక్ లేదు, కానీ వేయడానికి నియమానికి లోబడిన ఎత్తు ఒక్కటీ లేదు. ఆట డ్రా. ఆటకట్టుకు తోడుగా దీన్ని ‘ఎత్తుకట్టు’ అనవచ్చని నా సూచన. ఒకదానిలో ఆట కట్టుబడింది, ఇంకోదానిలో ఎత్తులు మాత్రమే కట్టుబడ్డాయి. పిల్లలకు ఈ రెండు మాటలూ పక్కపక్కన చెబితే తేడా చప్పున పట్టుబడుతుంది.

రాజు కదిలాడా, కదిలిందా? మంచి ప్రశ్న. తెలుగులో మగవారికి ‘డు’, వస్తువులకు ‘ది’. బల్ల మీది రాజు చెక్క ముక్క, పేరేమో మనిషిది. ఆడేవాళ్ళ నోట ‘నా మంత్రి పోయింది’ అనే వస్తుంది. ‘మంత్రి పోయాడు’ అంటే వినేవారి ఆలోచన మరెక్కడికో పోతుంది. నియమాల్లో అన్నిటినీ పావులుగానే చూసి ‘కదులుతుంది, చంపుతుంది, మారుతుంది’ అని ఒక్క తీరున రాయండి. ఆట కబుర్లలో రాజుకు ప్రాణం పోసి ‘మూలకు పారిపోయాడు’ అన్నా అందమే.

చతురంగం సంస్కృతం. రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేన అని అర్థం. చదరంగం దాని తద్భవం. చదరపు గళ్ళున్నాయి కాబట్టి చదరంగం అయిందని కొందరు చెబుతారు. అది సరికాదు. చతురస్రం చదరమైన తోవలోనే చతురంగం చదరంగమైంది. చదరం, చదరంగం తోబుట్టువులు గానీ ఒకదానికొకటి తల్లి కాదు. వాడుకకు చదరంగమే హాయి.

కొత్త ఆటకు పేరు విషయంలో ‘ఆటాంతరం’ వద్దు. ఆట తెలుగు, అంతరం సంస్కృతం. రెంటినీ ఆ సంధితో కలిపితే చెవికి అతుకు తెలుస్తుంది. ‘పాఠాంతరం’ బాగుందంటే అందులో రెండూ సంస్కృతమే కావడం వల్ల. ‘రూపాంతరం’ తప్పు కాదు గానీ, పాత ఆట పోయి కొత్తది వచ్చిందన్న ధ్వని ఉంది. మనకు మారుపేరు, మారువేషం ఉన్నాయి. అసలుది ఉంటూనే దాని పక్కన మరొకటి నిలవడం ‘మారు’ స్వభావం. కాబట్టి ‘మారు చదరంగం’ అనండి. ఈనాటి చదరంగం కూడా ఒకప్పుడు మారు చదరంగమే. 15వ శతాబ్దం చివరి వరకు మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే జరిగేది. ఐరోపాలో దానికి ఇప్పటి నడక వచ్చినప్పుడు ఇటలీవారు ఆ కొత్త ఆటను ‘పిచ్చి చదరంగం’ అని పిలిచారు. కొన్నాళ్ళకు పాతది మరుగునపడి, పిచ్చిదే అసలైంది. 1996లో ఒకప్పటి ప్రపంచ విజేత బాబీ ఫిషర్ ప్రకటించిన మారు చదరంగంలో వెనక వరుస అమరిక చీటీ తీసినట్టు వస్తుంది. మొత్తం 960 అమరికలు. ‘రాజు ఏనుగుల మధ్య ఉండాలి’ అని అక్కడ రాస్తే, సరిగ్గా నడిమధ్యనా అని అడుగుతారు. ‘రెండు ఏనుగులకూ నడుమ ఎక్కడైనా’ అనాలి.

మీ పిల్లలు కల్పించిన పావులను చూసి చాలా సంతోషించాను. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ విజేతగా ఉన్న కాపబ్లాంకా కూడా ఏనుగు, గుర్రం నడకలు కలిసిన పావును, శకటం, గుర్రం నడకలు కలిసిన పావును 80 గళ్ళ బల్ల మీద ప్రతిపాదించాడు. కానీ మీరు పెట్టిన ‘గుర్రపు శకటం’ అన్న పేరు నిలవదు. తెలుగు సమాసంలో పెత్తనం చివరి మాటది. గుర్రపు శకటం అంటే గుర్రం లాగే బండి అవుతుంది తప్ప రెండు నడకల పావు కాదు. జంట స్వభావానికి మన దగ్గర రెండు తలల గండభేరుండం ఉంది, ఏనుగు తొండం కలిసిన యాళి ఉంది. శకటం, గుర్రం కలిసినదాన్ని భేరుండం అనండి. ఏనుగు, గుర్రం కలిసినదాన్ని యాళి అనండి. ఎనిమిది కాళ్ళ శరభం కూడా మనసులో మెదిలింది గానీ, ఎత్తులు రాసుకునేటప్పుడు దాని మొదటి అక్షరం శకటంతో కొట్లాడుతుంది. ఇంగ్లీషులో రాజుకు (కింగ్) ‘కె’ పోవడంతో, అదే అక్షరంతో మొదలయ్యే గుర్రానికి (నైట్) ‘ఎన్’ వాడవలసి వచ్చింది. మీరు ఏనుగును రథం అనకపోవడం కూడా అందుకే మంచిదైంది, రాజుతో చిక్కు ఉండేది. ‘యా’, ‘భే’ ఎవరితోనూ కలవవు.

ఇక ఆ నియమం. ‘కొత్త పావు ఏనుగు, గుర్రం నడకలు నడుస్తుంది’ అని రాశారు. ఒకే ఎత్తులో రెండూ నడుస్తుందా? ఆట మొదట్లో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలా? ‘ఏనుగు లేదా గుర్రం’ అన్నా ఆ రెండో అనుమానం పోదు. ‘నో’ అన్న ప్రత్యయం, ‘ప్రతి’ అన్న మాట, ఒక ఏకారం చాలు: ‘యాళి ప్రతి ఎత్తులోనూ ఏనుగు నడకనో గుర్రం నడకనో ఒక్కదాన్నే ఎంచుకుని నడుస్తుంది. మిగిలినవన్నీ మామూలు చదరంగంలోలాగే.’