పదివేల రూపాయల్లో షూస్, బ్యాగ్, బెల్ట్: మొదటి ఉద్యోగానికి ఏం కొనుక్కోవాలి?

మొదటి ఉద్యోగంలో చేరబోతున్నానని, రోజూ వాడుకోవడానికి షూస్, బ్యాగ్, బెల్ట్ లాంటివన్నీ పదివేలలో రావాలని, చూడ్డానికి స్టైల్‌గా కూడా ఉండాలని అడిగారు. నేను తొమ్మిదేళ్ళు విజయవాడలో మెడికల్ రెప్‌గా తిరిగాను. పొద్దున ఎనిమిదిన్నరకు షూస్ వేసుకుంటే రాత్రి పదింటికి విప్పేవాణ్ణి. సూర్యారావుపేటలో ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగడం, డాక్టరుగారి గది బయట గంటలకొద్దీ నిలబడటం, మే నెల ఎండలో బైక్ మీద ఊరంతా తిరగడం. నేను చెప్పేదంతా ఆ కాలంలో నేర్చుకున్నదే.

మీ డబ్బులో సగం పైగా షూస్‌కే పెట్టండి. చొక్కా మామూలుదైనా ఇస్త్రీ చేస్తే బాగుంటుంది. షూస్‌కి ఆ వెసులుబాటు లేదు. షాపులో అన్నీ మెరుస్తాయి. ఆరు నెలలు రోజూ వేసుకున్నాక ఎలా ఉంటాయో దాన్నిబట్టి కొనాలి.

నా మొదటి జత తొమ్మిది వందలది. రెండో నెల పూర్తి కాకుండానే, వేళ్ళ దగ్గర మడత పడే చోట పైపొర పగిలి పొట్టులా లేచింది. లోపలి గుడ్డ బయటపడింది. ఏలూరు రోడ్డు పక్కన చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆరె మొనతో ఆ పగులు అంచు కాస్త పైకెత్తి చూపించారు. "ఇది తోలు కాదు బాబూ, గుడ్డ మీద పూత. నేను కుట్టు వేస్తే ఆ బెజ్జం కాడే మళ్ళీ చిరుగుద్ది" అన్నారు. తర్వాత రిపేరుకొచ్చిన ఇంకో పాత షూ తీసి, దాని మీద బొటనవేలితో నొక్కారు. వేలి చుట్టూ సన్నటి ముడతలు లేచాయి, మన చేతి మీద చర్మం ముడత పడినట్టే. వేలు తీయగానే పోయాయి. "ఇట్టా పడాల ముడత. పదేళ్ళ నాటిది ఇది, మూడోసారి సోల్ వేస్తన్నా" అన్నారు.

అప్పటినుంచి ఏ షూ కొన్నా ముందు బొటనవేలితో నొక్కి చూస్తాను. ఈమధ్య మంచి రకం రెక్సిన్ కూడా కొంచెం అలాగే ముడత పడుతోంది కాబట్టి అదొక్కటే చాలదు. తెగిన అంచు ఎక్కడైనా కనిపిస్తే అక్కడ చూడండి. తోలైతే అంచులో పీచు కనిపిస్తుంది. గుడ్డ మీద పూతైతే రెండు పొరలు విడివిడిగా తెలుస్తాయి. చాలా కంపెనీల షూస్ మీద, లోపలో అడుగునో, చిన్న బొమ్మలు కూడా ఉంటాయి. జంతువు తోలు పరిచినట్టున్న ఆకారం ఉంటే ఆ భాగం లెదర్. వల అల్లికలా ఉంటే గుడ్డ. ఉత్త డైమండ్ ఆకారమైతే వేరే మెటీరియల్. తోలు బొమ్మ మధ్యలో చిన్న డైమండ్ ఉంటే, తోలు మీద పూత వేశారని అర్థం. షూ పైభాగం, లోపలి లైనింగ్, సోల్, మూడింటికీ విడిగా వేస్తారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫోటోను పెద్దది చేసి ఇవి వెతకండి. 'జెన్యూన్ లెదర్' అని ముద్ర ఉన్నంత మాత్రాన అది మేలు రకం అనుకోవద్దు. తోలులో పై పొర గట్టిది, అడుగు పొర బలహీనం. ఆ అడుగు పొర మీద పూత వేసినదానికి కూడా అదే ముద్ర వేస్తారు. తోలు తురుమును జిగురుతో అతికి షీటుగా చేసే బాండెడ్ లెదర్ అంతకన్నా నాసి. దాని జోలికి పోవద్దు.

ఇక సైజు. చాలా ఏళ్ళు నేను 8 నంబరు వేసుకున్నాను. మడమ దగ్గర జారుతూ ఉండేది, సాక్స్ చిరిగిపోయేవి. చివరికి ఒక షాపతను పాదం కొలిచి చెప్పారు, నా పొడవు 7 నంబరేనని, పాదం వెడల్పు వల్ల 7 నంబరు బిగుతుగా అనిపించి 8కి పోతున్నానని. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పని అందులో తేలింది. దాన్నిబట్టే మనకంటూ 'భ' అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. మన షాపుల్లో దొరికే 7, 8 లాంటి యూకే నంబర్లలో వెడల్పు సంగతి సాధారణంగా ఉండదు కాబట్టి మనమే జాగ్రత్తపడాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రోజూ వేసుకునే సాక్స్ వేసుకుని వెళ్ళండి. రెండు కాళ్ళకీ వేసుకుని షాపులో నాలుగు అడుగులు నడవండి, ఎందుకంటే చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది. ముందు బొటనవేలంత వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. "వాడుతుంటే సాగుతాయి సార్" అంటే పక్కల్లో కాస్త నిజమే గానీ పొడవులో సాగవు.

వెడల్పు పాదం ఉన్నవాళ్ళకు డెర్బీ రకం నప్పుతుంది. లేసులు కట్టే రెండు రెక్కలు పైన విడిగా ఉండి పూర్తిగా తెరుచుకుంటాయి, అదీ డెర్బీ. ఆక్స్‌ఫర్డ్ అనే ఇంకో లేసుల రకంలో ఆ రెక్కల కింది భాగం కుట్టేసి ఉంటుంది కాబట్టి పాదం ఎత్తుగా, వెడల్పుగా ఉంటే నొక్కేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ సూటు మీద అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. రోజూ పన్నెండు గంటలు కాలికి ఉండాల్సింది మాత్రం డెర్బీయే. రెండో జత లోఫర్స్, అంటే లేసులు లేకుండా కాలు దూర్చేసేవి, తీసుకోండి. మన ఇళ్ళల్లో, గుడి దగ్గర, కొన్ని క్లినిక్‌లలో కూడా గుమ్మం దగ్గరే విప్పాలి. రోజుకు పదిసార్లు లేసులు విప్పి కట్టుకోవడం ఎంత విసుగో నాకు తెలుసు. రంగు విషయానికొస్తే, ఆఫీసులో నలుపే వేసుకోవాలన్న రూలు లేకపోతే ముదురు బ్రౌన్ తీసుకోండి. నేవీ బ్లూ, గ్రే, ఖాకీ, జీన్స్ అన్నింటి మీదకీ వస్తుంది.

సోల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. నా పెళ్ళికి కొన్న షూస్‌ని ప్రాణంగా దాచుకున్నాను. డబ్బాలో, బీరువా మీద, నాలుగేళ్ళు. పిన్ని కొడుకు పెళ్ళికి భీమవరం వెళ్తూ వేసుకున్నాను. కల్యాణమండపం ముందు కారు దిగి పది అడుగులు వేశానో లేదో, కింద ఏదో మెత్తగా నలిగినట్టయింది. చూస్తే సోల్ ముక్కలు ముక్కలుగా రాలుతోంది. వేళ్ళతో పట్టుకుంటే తడిసిన బిస్కెట్టులా పొడి అయింది. పైన తోలు మాత్రం కొత్తదానిలా ఉంది. తర్వాత తెలుసుకున్నాను, పాలీయూరెథేన్ అనే పీయూ సోల్ గాలిలోని తేమను పీల్చుకుని లోపల్లోపలే విరిగిపోతుంది. వాడకుండా డబ్బాలో మూసిపెట్టినా ఆగదు. కోస్తాలాంటి ఉక్కపోత ఉన్న చోట ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి పీయూ సోల్ షూస్ కొంటే దాచుకోకుండా వేసుకుని తిరగండి. ఎప్పుడో ఫంక్షన్లకు మాత్రమే వేసుకునే జతకు రబ్బరు సోలో తోలు సోలో చూసుకోండి. కుట్టు ఉన్న సోల్ అయితే అరిగాక మార్పించుకోవచ్చు. గమ్‌తో అతికినవి తక్కువ ధరకొస్తాయి, కానీ అరిగితే చాలావరకు పారేయడమే.

ఒకే జతను రోజూ వేసుకోవద్దు. పాదం చెమట తోలులోకి దిగుతుంది, అది ఆరడానికి కనీసం ఒక రోజు కావాలి. రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే రెండూ కలిపి చాలా ఎక్కువ కాలం వస్తాయి. వానలో తడిస్తే లోపల పేపరు ఉండలు కూరి, నీడలో ఫ్యాను కింద పెట్టండి. ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగుళ్ళు పడుతుంది. మా అమ్మ ఒకసారి మంచి మనసుతో నా షూస్‌ని పొయ్యి దగ్గర ఆరబెట్టింది. ముందు భాగం అట్టలా అయిపోయింది. ఆదివారం పావుగంట కూర్చుని బ్రష్‌తో దుమ్ము దులిపి, క్రీమ్ పాలిష్ పలుచగా రాసి, పది నిమిషాలు ఆగి రుద్దండి. నీళ్ళలాంటి ఇన్‌స్టంట్ షైన్ పైన పేరుకుపోతుందే తప్ప తోలుకు ఏమీ చేయదు.

బ్యాగ్ దగ్గర నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. లెదర్‌లా కనిపించే రెక్సిన్ సైడ్ బ్యాగ్ ఒకటి కొన్నాను. ఎండాకాలం వచ్చేసరికి పట్టీ మీద పూత ఊడి, చెమట పట్టిన తెల్ల చొక్కా భుజం మీద నల్లటి పొలుసులు అంటుకునేవి. ఆ చొక్కాతో డాక్టరు గదిలోకి వెళ్ళి మందుల గురించి చెప్పాలంటే ఎంత ఇబ్బందో ఊహించుకోండి. ఒకే భుజానికి బరువు మోసి మోసి మెడ నొప్పి కూడా మొదలైంది. మీది బైకో మెట్రోనో అయితే, ల్యాప్‌టాప్ ఉంటే, మంచి నైలాన్ లేదా పాలిస్టర్ బ్యాక్‌ప్యాక్ తీసుకోండి. ఒకే రంగు, నలుపో ముదురు గ్రేనో, పెద్ద లోగో లేనిది. పట్టీ బ్యాగుకు కలిసే చోట ఒకటే వరస కుట్టుందా, అడ్డంగా దట్టంగా కుట్టారా అని చూడండి. తెగేది అక్కడే. జిప్పును షాపులోనే బ్యాగ్ నింపి లాగి చూడండి, మూల తిరిగే దగ్గర పట్టేస్తే వద్దు. రెయిన్ కవర్ లోపల ఉంటే ఇంకా మంచిది.

తర్వాతెప్పుడైనా జీతం పెరిగాక ఒక లెదర్ బ్యాగ్ కొనుక్కోండి. చెట్ల బెరడుతో పదును చేసిన తోలైతే మరీ మంచిది. వాడేకొద్దీ రంగు ముదురుతుంది, చెయ్యి పట్టుకునే చోట నిగనిగలాడుతుంది. దక్షిణాదిలో తోలు పదును చేయడానికి ఒకప్పుడు ఎక్కువగా వాడింది తంగేడు చెక్కే. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఆ చెట్టు బెరడు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నా బ్యాగ్ మీద నాకు ఇంకా ఇష్టం పెరిగింది.

బెల్ట్ షూస్ రంగుకు దగ్గరగా ఉంటే చాలు, అచ్చంగా అదే రంగు కానక్కర్లేదు. ఫార్మల్‌కి మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. నడుము కొలత కన్నా రెండంగుళాలు పెద్దది తీసుకుంటే మధ్య బెజ్జం దగ్గర పడుతుంది. పక్క నుంచి చూస్తే ఒకే మందపాటి పొర కనిపించాలి. రెండు పలుచటి పొరల మధ్య అట్ట పెట్టినవి ఏడాదిలో బెజ్జాల దగ్గర విడిపోతాయి.

వాచీకి తొందర లేదు. ఉన్నది వాడండి. కొంటే మణికట్టు దాటి బయటికి రాని సైజు చూడండి, మన ఎండలకు లెదర్ పట్టీ చెమటకు వాసన వస్తుంది కాబట్టి స్టీలుదే నయం. కూలింగ్ గ్లాసెస్ మీద యూవీ 400 అని ఉండాలి, అంటే ఎండలో కంటికి హాని చేసే యూవీ కిరణాలను ఆపేవని, బైక్ నడిపేవాళ్ళకు అది ఫ్యాషన్ కన్నా అవసరం. పర్సు వెనక జేబులో పెట్టుకుని బైక్ మీద కూర్చోవద్దు. నాకు కాలు లాగుతుంటే ఆర్థోపెడిక్ డాక్టరుగారు మొదట అడిగింది నా పర్సు ఎక్కడుంటుందనే.

సెలవు రోజున కుర్తా మీదకు కొల్హాపురి చెప్పులు ఒక జత ఉంచుకోండి. మహారాష్ట్ర, కర్ణాటక కళాకారులు చేతితో చేసే ఆ చెప్పులకు 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చింది. 2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా తన షోలో అలాంటివే చూపించి, ఇవి ఎక్కడివో చెప్పకపోతే మనవాళ్ళు గట్టిగా అడిగారు. అడగాల్సిందే. నీళ్ళలో మాత్రం తడపకండి.

నేనైతే మీ పదివేలు ఇలా ఖర్చు పెడతాను. డెర్బీకి నాలుగు వేలు, లోఫర్స్‌కి రెండు వేలు, బ్యాగుకు రెండు వేలు, బెల్ట్‌కి తొమ్మిది వందలు. మిగిలిన దానితో ఆరు జతల కాటన్ సాక్స్, ఒక బ్రష్, ఒక డబ్బా క్రీమ్ పాలిష్. సాక్స్‌ని తేలిగ్గా తీసుకోకండి, ఎవరింటికైనా వెళ్ళి గుమ్మంలో షూస్ విప్పితే కనిపించేవి అవే.

మీరు చేరేలోపే కొనేసి, రోజూ సాయంత్రం ఇంట్లో సాక్స్‌తో ఒక గంట వేసుకుని తిరగండి. మొదటి రోజే కొత్త షూస్‌తో వెళ్తే మడమ బొబ్బలెక్కుతుంది. కొనేముందు గోడకు మడమ ఆనించి కాగితం మీద పాదం గీసి, పొడవు ఎంతో, వెడల్పు ఎంతో ఇక్కడ రాస్తే ఏ నంబరు, ఏ ఆకారం నప్పుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.